అవసరాల జాబితాలో ఏడో లైను

మార్చి 4, మంగళవారం

వదినకు,

ఫోనులో నువ్వు బ్లాకు చేసిన, మెయిల్లో నువ్వు చెత్తబుట్టకు మళ్లించిన నీ ఒక్కగానొక్క ఆడపడుచు నమస్కారాలు చెప్పి రాస్తున్న ఉత్తరం ఇది. ఇక్కడ నేనూ నా ప్రింటరూ బాగానే ఉన్నాం. అక్కడి క్షేమసమాచారాలు ప్రతి ఆదివారం అన్నయ్య మోసుకొస్తూనే ఉన్నాడు కాబట్టి అడగను. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, బాల్కనీలో కొత్త కుండీలు పెట్టావనీ, నా పేరెత్తితే టీవీ సౌండు పెంచుతావనీ తెలుసు.

పొద్దున లేస్తే కంప్యూటర్లతో కాపురం చేసేవాళ్లు, మీకు చివరికి కాగితమూ కలమూ గతయ్యాయా అని అన్నయ్య ఒకటే నవ్వు. నవ్వనీ. కవరు మాత్రం గట్టిగా అంటించే ఇస్తున్నాను. లేకపోతే దారిలో బస్సులో చదివేసి, నీకు సారాంశం చెప్పి ఊరుకుంటాడు.

సంగతికొస్తాను. నాకు నీ సంతకం కావాలి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలిసిందే మళ్లీ చెబుతోందని విసుక్కోకు, స్టోరువాళ్లకి (వాళ్లెవరో కింద చెబుతాను) పెట్టుకున్న అర్జీలోంచి ఎత్తి రాస్తున్నాను.

కత్తెర అనే ప్రోగ్రాము నేను రాశాను. మనిషి కొలతలు ఇస్తే చొక్కాకో గౌనుకో కావలసిన ముక్కలన్నీ గీసి, అసలు సైజులో కాగితం మీద అచ్చువేసి ఇస్తుంది. దాన్ని జనం లినక్స్ కంప్యూటర్లలోకి చేర్చే ప్యాకేజీ కట్టే పని నీది. ప్యాకేజీలో అవసరాల జాబితా ఒకటి ఉంటుంది, ఈ ప్రోగ్రాము నడవాలంటే కంప్యూటర్లో ముందుగా ఏయే సరుకులు, ఏ వెర్షన్లలో ఉండాలో చెప్పేది. ఆ జాబితా నువ్వు రాసేదానివి, నువ్వే పరీక్షించేదానివి, చివర్న నీ రహస్య కీతో సంతకం చేసి వదిలేదానివి. నీ సంతకం కనపడితేనే కంప్యూటర్లు దాన్ని లోపలికి రానిచ్చేవి. ఏడేళ్లు అలా నడిచింది. ఆ ఏడేళ్లలో నేను తొందరపెట్టని రోజు లేదు, నువ్వు తొందరపడిన రోజూ లేదు.

రెండేళ్ల కిందట కుట్టు శిక్షణ కేంద్రంలో జరిగింది ఇదీ. టేపు టీచరు నేను రాసిచ్చిన చీటీ ముందర పెట్టుకుని, అందులోని పద్నాలుగు మెట్లూ ఒక్కొక్కటే దాటుతూ, కొత్త కత్తెరను తొమ్మిది కంప్యూటర్లలో ఎక్కించింది. (మెడలో కొలత టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు ఇంకా ఎవరూ తగల్లేదు.) జాబితా ఏడో లైనులో, గీతలు గీసే లైబ్రరీ అనే సరుకుకి మరీ కొత్త వెర్షను అడిగి ఉంది. ఆ పాత కంప్యూటర్లలో డెస్క్‌టాప్ మొత్తం పాత వెర్షను మీద నిలబడి ఉంది. కొత్తది రావాలంటే పాతది పోవాలి. పాతది పోతే దాన్ని పట్టుకుని ఉన్నవన్నీ పోవాలి. కంప్యూటరు పాపం అడిగింది కూడా, నూట నలభై సరుకులు తీసేయబోతున్నాను, ఇది ప్రమాదం, అయినా సరేనంటే ఈ వాక్యం పూర్తిగా టైపు చేయండి అని. చీటీలో పదకొండో మెట్టు దగ్గర నేనేం రాశాను? ఏం అడిగినా అవునని కొట్టండి అని రాశాను. ఆవిడ రెండు వేళ్లతో, అక్షరం అక్షరం సరిచూసుకుంటూ, తొమ్మిదిసార్లు ఆ వాక్యం కొట్టింది. అన్నీ అయ్యాక తొమ్మిదింటినీ ఒకేసారి ఆపి మళ్లీ తెరిచింది. తొమ్మిది తెరలూ నల్లగా వచ్చాయి.

ఆ వారమే పరీక్ష. మూడు రోజులు నువ్వే వెళ్లి కూర్చుని అన్నీ బాగుచేశావు గానీ, పరీక్ష వాయిదా పడింది. సర్టిఫికెట్టు చేతికి రాక, ఇద్దరమ్మాయిలకి దుస్తుల ఫ్యాక్టరీలో ఖాయమైన ఉద్యోగాలు తప్పిపోయాయి. కత్తెర వాడేవాళ్ల గ్రూపులో నిన్ను అనరాని మాటలన్నారు. ఏ లైను ఎవరు మార్చారో చెప్పే రికార్డులో ఉన్నది నీ పేరు, ప్యాకేజీ మీద ఉన్నది నీ సంతకం. నువ్వు ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. నాలుగు లైన్ల క్షమాపణ రాసి, ప్యాకేజీ పని మానేసి, నెల తిరక్కుండా మా పై వాటా ఖాళీ చేసి ఊరికి అవతలి కొసన ఇల్లు చూసుకున్నావు. చీటీ తప్పు నాదేనని అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. మిగతాదంతా ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకులే.

ఇక ఇప్పటి కష్టం. అప్పుడు నువ్వు పెట్టిపోయిన పాత కత్తెరతోనే కేంద్రం నెట్టుకొస్తోంది. ఈ మధ్య సిస్టమ్ అప్‌డేట్ ఒకటి వచ్చాక అందులో ప్రింటు సరిగా రావడం లేదు. చొక్కా చెయ్యి అచ్చువేస్తే అంగుళం పొట్టిగా పడుతోంది. ఈ నెల ముప్పై ఒకటిన కేంద్రాన్ని నడిపే కమిటీవాళ్లు వస్తారు. ఆ రోజుకి తొమ్మిదింటిలోనూ కొత్త కత్తెర ఉండి, అది సరిగ్గా అచ్చువేస్తే సరి. లేకపోతే కంప్యూటర్లు ఎవరికో ఇచ్చేసి ఆ గదిలో ఇంకో పది కుట్టు మిషన్లు వేస్తారట. తెర మీద కొలతలు గీయడం రాకపోతే నా అమ్మాయిలు మళ్లీ గుండీలు కుట్టే బల్ల దగ్గరికే పోతారు అని టేపు టీచరు బాధపడింది. ఈసారి పదహారు మంది ఉన్నారు.

అందుకని కత్తెరను సాఫ్ట్‌వేర్ స్టోరులో పెడదామని నిర్ణయించుకున్నాను. డెస్క్‌టాప్‌లోనే ఉంటుందిగా ఆ స్టోరు, అందులో బొమ్మ మీద నొక్కితే దిగిపోవాలి. చీటీ లేదు, తెర మీద నల్ల కిటికీలో టైపు చేయడం లేదు, అవునని కొట్టడాలు లేవు. పని చాలావరకు అయింది. స్టోరు నడిపే వలంటీర్లు రెండు అడ్డంకులు చెప్పారు. కత్తెర పేరు నీ కీ మీద నమోదై ఉంది కాబట్టి నీ సంతకం లేకుండా ఒప్పుకోరు. రెండోది, ఆ కీ మీద పాత ఫిర్యాదు ఒకటి ఉంది కాబట్టి, అప్పుడు ఏం జరిగిందో సంతకందారే రాసివ్వాలి.

నాలుగు లైన్లు చాలు వదినా. అప్పుడు గ్రూపులో రాసినవే మళ్లీ రాస్తే సరిపోతుంది. నన్ను క్షమించమని అడగడం లేదు, నాతో మాట్లాడమనీ అడగడం లేదు. టేపు టీచరు ముఖం చూసి ఈ ఒక్కటీ చేసిపెట్టు.

ఇట్లు,
నీ ఆడపడుచు


మార్చి 16, ఆదివారం

వదినకు,

కిందటి ఉత్తరంలో నమస్కారాలు ఎక్కువై విసుగొచ్చిందేమో, ఈసారి ఒక్కటే పెడుతున్నాను. అన్నయ్య నీ జవాబు తెచ్చాడు. దాన్ని జవాబనాలో, బస్సు టికెట్టు అనాలో తెలియలేదు. అంత చిన్న కాగితం ఎక్కడ దొరికింది నీకు? అందులో ఉన్నది ఒకే ముక్క, ఏం జరిగిందో రాయమంటున్నారు సరే, ఏం రాయమంటావు అని.

దానికి జవాబు చివర్న చెబుతాను. ముందు ఇక్కడి కబుర్లు విను, నీకు నచ్చుతాయి. నచ్చినా ఒప్పుకోవనుకో.

పది రోజులుగా కేంద్రంలో టేపు టీచరు వెనక స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. ఆవిడ కత్తెరను తనంతట తాను ఎక్కించాలి, నేను చేతులు కట్టుకుని నోరు కుట్టుకుని చూడాలి. ఇదీ ఒప్పందం. నోరు కుట్టుకోవడం నాకెంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

మొదటిరోజు పెన్ డ్రైవులో ఒకే ఫైలు ఇచ్చాను. అన్నీ అందులోనే ఉన్నాయి, నొక్కితే చాలు అనుకున్నాను. ఆవిడ నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది. పదకొండుసార్లు నొక్కింది, నేను లెక్కపెట్టాను. ఆ ఫైలును నడపడానికి అనుమతి ఇస్తూ లోపల ఎక్కడో ఒక టిక్కు పెట్టాలి. నాకు అది అలవాటైపోయి, అలాంటి టిక్కు ఒకటుందన్న సంగతే మర్చిపోయాను. పన్నెండోసారి ఆవిడ మౌసు మార్చి చూసింది. ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను.

రెండోరోజు ఆ టిక్కు బాధ వదిలింది. కత్తెర తెరుచుకుంది, కాలరు గీసింది, ఆవిడ మురిసిపోయి మూసేసింది. మర్నాడు మళ్లీ తెరుద్దామంటే ఎక్కడా కనపడదు. మెనూలో దాని బొమ్మ లేదు, ఫైలు డౌన్‌లోడ్ల గుట్టలో ఎక్కడో ఉంది. ఆవిడ మళ్లీ పెన్ డ్రైవు పెట్టి మొదటినుంచీ మొదలుపెట్టింది. రోజూ ఎక్కించుకోవాలేమో అనుకుందట, మిషనుకి రోజూ నూనె వేసినట్టు.

ఇక లాభం లేదని స్టోరువాళ్ల పరీక్షగదిలో పెట్టాను. బయటివాళ్లకి కనపడకుండా మనం చెప్పిన కంప్యూటర్లకే కనపడే మూల అది, రెండు వారాలపాటు ఇస్తారు. టీచరు వెతికేచోట కొలతలు అని కొట్టింది. ఏమీ రాలేదు. చొక్కా కటింగు అని కొట్టింది. అప్పుడూ రాలేదు. కత్తెర అని ఎందుకు కొట్టలేదండీ అని అడిగితే, నా చేతిలో ఇరవయ్యేళ్లనుంచీ కత్తెర ఉంది, దాన్ని కంప్యూటర్లో ఎందుకు వెతుకుతానమ్మా అంది. నిజమే కదా. వివరణలో ఆ మాటలన్నీ చేర్చాను. ఇప్పుడు కొలతలు అన్నా, కటింగు అన్నా, గౌను అన్నా మనదే ముందొస్తుంది.

ఇంకోటి విను. కత్తెర మొదటిసారి తెరిచినప్పుడు కంప్యూటర్లో ఫైళ్లన్నీ చూడనిస్తారా అని అడుగుతుంది. నేను బద్ధకించి అన్నీ అని పెట్టాను. ఆవిడ వద్దని కొట్టేసింది. ఇంటికొచ్చినవాళ్లు హాల్లో కూర్చోవాలి గానీ బీరువా ఎందుకు తెరుస్తారు అని నిలదీసింది. ఒక్క కొలతల ఫోల్డరే అడిగేలా మార్చాను. నువ్వు ఇదే మాట నాకు ఎన్నిసార్లు చెప్పావో! అప్పుడు చెవికెక్కలేదు.

పాత చీటీ సంగతి మళ్లీ తీసింది ఆవిడ, దెప్పడానికి కాదులే. కొత్త కుట్టు మిషను కొంటే సూదీ, బాబినూ, నూనె సీసా అన్నీ పెట్టెలోనే పెట్టి ఇస్తాడు, మీరేంటమ్మా పెట్టె తెరిస్తే లోపల బజారు చీటీ పెట్టారు, ఈ షాపుకి పో, ఆ షాపుకి పో అని అంటూ నవ్వింది. నేను అక్కడే పొంగిపోయాను. ఏడేళ్లుగా మన ఇద్దరి తగాదా అదే కదా! అన్నీ పెట్టెలోనే పెడదామని నేను, ఎవరి పెట్టె వాళ్లు మోస్తే రేపు ఒక సూదిలో లోపం బయటపడితే ఎన్ని పెట్టెలు తెరిచి మారుస్తావని నువ్వు.

పొంగడం ఎక్కువసేపు ఉండలేదు. అన్నీ లోపల పెడితే పెట్టె ఎంతయిందో తెలుసా? కేంద్రంలోని ఇంటర్నెట్‌కి, పొద్దున బెల్లు కొట్టినప్పుడు మొదలుపెడితే టీ టైముకి ఒక్క కంప్యూటర్లో దిగింది. అందుకని స్టోరువాళ్ల పద్ధతిలోకే వచ్చాను. అందరికీ కావలసిన సరుకు అందరికీ కలిపి ఒకేచోట ఉంటుంది, దాన్ని వాళ్లే చూసుకుంటారు, లోపముంటే వాళ్లే మారుస్తారు. మనకి మాత్రమే కావలసిన నాలుగు సరుకులు మన పెట్టెలో ఉంటాయి. సగం నీ వాదన, సగం నా వాదన. ఇప్పుడు పదిహేను నిమిషాల్లో దిగుతోంది, డెస్క్‌టాప్‌ను ముట్టుకోదు, నచ్చకపోతే ఒక్క నొక్కుతో పోతుంది. ఇంత ముందే చేసుంటే ఎంత బాగుండేది.

పరీక్ష ఎక్కడ చేశానని అడుగుతావు, తెలుసు. నా కంప్యూటర్లో కాదు. కేంద్రంలో కిటికీ పక్కన ఉన్నదానిలో ముందు చేశాను, అన్నిటికన్నా ముసలిది, తెర అంచు పసుపురంగుకి తిరిగింది చూడు, అందులో. అక్కడ నడిచాకే మిగతావాటికి పోయాను.

ఇక నువ్వడిగినదానికి జవాబు. ఏం రాయాలో నీకెందుకు శ్రమ అని నేనే రాసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. చూడు, నాలుగే లైన్లు. అవసరాల జాబితా ఏడో లైనులో వెర్షను నంబరు పొరపాటున ఎక్కువ వేశాననీ, పాత కంప్యూటర్ల మీద పరీక్షించకుండా సంతకం చేశాననీ, జరిగిన నష్టానికి చింతిస్తున్నాననీ, ఇకపై ఇలా జరగదనీ. అంతే. కింద సంతకం చేసి, నీ కీతో సంతకం చేసిన ఫైలు కూడా పెన్ డ్రైవులో పెట్టి అన్నయ్యకిస్తే చాలు. పెన్ డ్రైవు కూడా నేనే పంపిస్తున్నాను, నువ్వు వెతుక్కునే పనిలేదు.

రెండేళ్లయింది. ఇంకా ఎవరూ ఏమీ అనుకోరు. పదిహేను రోజులే ఉన్నాయి, ఆలస్యం చెయ్యకు.

నీ ఆడపడుచు


మార్చి 25, మంగళవారం

వదినా,

నీకు, నీ మోకాలికి, నీ కుండీలకి నమస్కారాలు.

మొన్న ఆదివారం అన్నయ్య కవరిచ్చాడు. నేను రాసిన నాలుగు లైన్లలో ఒక్క అక్షరం మార్చకుండా కింద సంతకం చేశావు. పెన్ డ్రైవులో ఫైలు మీద కూడా నీ కీతో చేసిన సంతకం ఉంది, సరిచూశాను, సరిగ్గా ఉంది. కవరులో ఇంకే కాగితమూ లేదు. మళ్లీ వెతికాను, బస్సు టికెట్టంత కాగితమైనా దొరుకుతుందేమోనని. వదిన ఏమందని అన్నయ్యని అడిగితే, ఏమీ అనలేదు, డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడే సంతకం పెట్టేసింది, తర్వాత పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్లింది అన్నాడు.

కేంద్రంలో పరీక్ష బాగా జరిగింది. టేపు టీచరు పరీక్షగదిలోంచి తొమ్మిది కంప్యూటర్లలోనూ తనే కత్తెరను ఎక్కించింది. నేను మాట్లాడలేదు, నిజంగా మాట్లాడలేదు, నమ్ము. చొక్కా చెయ్యి అచ్చువేసి, మెడలోని టేపు తీసి కొలిచింది. సరిగ్గా ఉంది. ఒకమ్మాయి ఆ కాగితాన్ని అక్కడికక్కడే గుడ్డ మీద పరిచి కత్తిరించింది. పరీక్షగది గడువు ఈ శుక్రవారంతో అయిపోతుంది. ఆ తర్వాత స్టోరులోకి రావాలి, రాకపోతే తొమ్మిదింటిలోంచీ పోతుంది.

స్టోరువాళ్ల ఫారం నింపుతున్నాను. దానికి నీ వివరణతోపాటు, ఆ రోజు ఏడో లైను మారిన రికార్డు పేజీ కూడా జతచేయమన్నారు.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. ఆరోగ్యం జాగ్రత్త.

నీ ఆడపడుచు

తా.క. మార్చి 26, బుధవారం. నిన్న పైన సంతకం పెట్టేశాను, కవరులో కూడా పెట్టాను. అంటించబోయి మళ్లీ బయటికి తీశాను. ఈ ఉత్తరంలో పైన రాసిందాంట్లో అబద్ధం లేదు గానీ, రాయాల్సింది రాయలేదు.

ఏడో లైను నేను మార్చాను వదినా.

ఆ మధ్యాహ్నం నువ్వు పన్ను పీకించుకోవడానికి వెళ్లావు. పై వాటాలో నీ కంప్యూటరు తెరిచే ఉంది. ప్యాకేజీ సిద్ధమైంది, కానీ అందులో పాత లైబ్రరీనే పెట్టావు. కొత్తదానికి రెండు వారాలు ఆగు, ముందు ఒక పాత కంప్యూటరు మీద చూసి చెబుతానన్నావు. నాకు ఆగడం చేతకాలేదు. కొత్త లైబ్రరీతో కాలరు వంపు నున్నగా వచ్చేది, పరీక్షకి ముందే అమ్మాయిలు అది చూడాలని నాకు ఒకటే ఆరాటం. నా మిషన్లో బ్రహ్మాండంగా నడిచింది. నడవక ఏం చేస్తుంది, ఆ కొత్త లైబ్రరీ అప్పటికే నా మిషన్లో ఉంది కదా. నీ కుర్చీలో కూర్చుని, తెర మీద నువ్వు తెరిచి వెళ్లిన కిటికీలోనే ఏడో లైనులో వెర్షను నంబరు రెండు కొట్టేసి నాలుగు వేశాను. కొత్త లైబ్రరీని కూడా ప్యాకేజీకి జతచేశాను. నీ కంప్యూటర్లోంచి చేశాను కాబట్టే రికార్డులో నీ పేరు పడింది. సాయంత్రం నువ్వు వాచిన చెంపతో వచ్చావు. మాట్లాడలేక, మళ్లీ చూడాలా అని చేత్తో సైగ చేశావు. అక్కర్లేదు, పొద్దున నువ్వు చూసిందే, సంతకం చేసెయ్ అన్నాను. నా మాట మీద చేశావు.

తర్వాత టేపు టీచరు గదిలో నువ్వు తప్పు నాదేనండీ అంటుంటే, నేను నీ పక్క కుర్చీలో కూర్చుని తలూపాను. పాపం వదిన అన్నట్టు తలూపాను. ఈ రెండేళ్లలో నాకు నిద్ర పట్టనిది అందుకే. అందరితోనూ చీటీ తప్పు నాది, చీటీ తప్పు నాది అని అంత గట్టిగా చెప్పుకుంటూ వచ్చింది కూడా ఇది దాచుకోవడానికే.

ఆ రికార్డు పేజీని రెండేళ్లుగా నేను తెరవలేదు, భయం. నిన్న ఫారం కోసం తెరవాల్సి వచ్చింది. లైను మారిన టైము కూడా ఉంది అందులో. మధ్యాహ్నం మూడూ నలభై. ఆ టైముకి నువ్వు డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నావు. నేను రెండేళ్లు తెరవని పేజీని నువ్వు మొదటి రోజే తెరిచి ఉంటావు. ఏదైనా పాడైతే ముందు రికార్డు చూడమని నాకు నేర్పిందే నువ్వు. అంటే నీకు అప్పుడే తెలుసు. గ్రూపులో తిట్లు తిన్నప్పుడూ తెలుసు, ఇల్లు మారినప్పుడూ తెలుసు. ఏం రాయమంటావు అని ఆ చిన్న కాగితం మీద అడిగినప్పుడూ తెలుసు. నేను చెబుతానేమోనని అడిగావు కదూ? నేనేమో నీకు శ్రమ లేకుండా అదే అబద్ధం నాలుగు లైన్లలో చక్కగా రాసి పంపాను. నువ్వు సంతకం పెట్టావు. వదినా, నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నీ కాగితం స్టోరువాళ్లకి పంపలేదు. ఇదే కవరులో పెడుతున్నాను, చించెయ్యి. ఇవాళ పొద్దున కేంద్రానికి వెళ్లి టేపు టీచరుకి చెప్పాను, క్లాసులో అందరూ ఉండగానే. ఆవిడ చివరిదాకా వింది. తర్వాత, ఉద్యోగాలు పోయిన ఆ ఇద్దరికీ నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు అంది. రేపు వెళ్తున్నాను. గ్రూపులో కూడా నా పేరుతో అంతా రాసి పెట్టాను, రికార్డు పేజీతో సహా. జవాబులు రావడం మొదలైంది. నిన్ను అన్నవాళ్లే ఇప్పుడు నన్ను అంటున్నారు.

స్టోరువాళ్లకీ ఇదే రాశాను. వాళ్లు వెంటనే జవాబిచ్చారు. ఇంకొకరి పేరు మీద దొంగచాటుగా మార్చినవాళ్ల దగ్గరనుంచి ఏదీ తీసుకోరట, ఇప్పుడే కాదు ఎప్పటికీ. న్యాయమే. నీ కీ మీద ఉన్న ఫిర్యాదు మాత్రం కొట్టేశారు. అంటే కత్తెరను స్టోరులో పెట్టగలిగింది ఇక నువ్వొక్కదానివే. కోడూ, పేరూ, పరీక్షగది తాళమూ అన్నీ నీకు రాసిచ్చేశాను, కాగితాలు కవరులో ఉన్నాయి. నాకోసం ఏమీ చెయ్యకు. పెట్టాలనిపిస్తే శుక్రవారంలోగా పెట్టు, ఆ పదహారు మంది కోసం. పెట్టకపోయినా నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు, కమిటీకి ఏం చెప్పుకోవాలో నేనే వెళ్లి చెప్పుకుంటాను.

ఆదివారందాకా ఆగితే గడువు దాటుతుందని అన్నయ్యని ఇవాళే రమ్మన్నాను, దీని తర్వాత ఇక అన్నయ్య చేత ఉత్తరాలు పంపను. ఈసారి నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం ఏదీ లేదు. కింద ఉన్నది నా సంతకం, తేదీతో సహా. ఎవరికైనా చూపించు.

నీ ఆడపడుచు
మార్చి 26, బుధవారం